అబద్ధానికి హద్దు గీసిన ఆట

విరామవేళ

వేసవి సెలవులు వచ్చాయంటే మన కాలనీలలో ప్రతి క్వార్టరూ ఒక చిన్న సత్రమే. పెద్దమ్మ పిల్లలు, మేనత్త పిల్లలు, పక్కింటి వారు, వారి చుట్టాలు అందరూ చేరిన మధ్యాహ్నం వేళ, ఎండ తగ్గేదాకా ఈ బలగాన్ని ఒకచోట కూర్చోబెట్టడం ఎట్లా అన్నది గృహిణులకు ఏటేటా ఎదురయ్యే సమస్య. చదరంగం ఇద్దరికే సరి. క్యారమ్స్ నలుగురితో ఆగిపోతుంది. రమ్మీకి ఓపిక కావాలి, బ్రిడ్జికి చదువు కావాలి. ఐదారుగురు కలసి, ఐదు నిమిషాలలో నేర్చుకొని, ఇరవై నిమిషాలలో ముగించి, మళ్ళీ మొదలుపెట్టగల ఆట ఒకటున్నది. ఈ మాసం దానిని గూర్చి ముచ్చటించుకుందాం.

ఆ ఆట పేరు బ్లఫ్. కొన్ని ఇళ్ళలో ఛాలెంజ్ అంటారు. బ్రిటనులో దీనిని 'చీట్' అంటారు, అనగా మోసం. అమెరికాలో 'ఐ డౌట్ ఇట్', నాకు అనుమానంగా ఉన్నది అని అర్థం. రష్యాలో దీని సోదరి వంటి ఆటకు 'వేరిష్, నే వేరిష్' అని పేరు. నమ్ముతావా, నమ్మవా అని. ఈ పేర్లను పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విశేషం కనబడుతుంది. ఒక దేశం వారు అబద్ధమాడేవాని వైపు నుండి పేరు పెట్టారు, మరొకరు అనుమానించేవాని వైపు నుండి పెట్టారు, ఇంకొకరు ప్రశ్న రూపంలో ఇద్దరినీ కలిపారు. నిజానికి ఆటలో ఈ రెండు పాత్రలూ సమానమే. మనం సాధారణంగా మొదటి పాత్రను మాత్రమే చూసి నవ్వుకుంటాం. రెండవ పాత్ర మీద దృష్టి నిలపడమే ఈ వ్యాసంలో నా ఉద్దేశం.

ముందుగా నియమాలు. జోకర్లు తీసివేసిన 52 ముక్కల పేకకట్టను బాగా కలిపి, మొత్తం ముక్కలన్నీ పంచివేయాలి. నలుగురైతే తలా 13. ఐదుగురైతే ఇద్దరికి 11, ముగ్గురికి 10. ఆరుగురైతే నలుగురికి 9, ఇద్దరికి 8. ఏడుగురు దాటితే రెండు కట్టలు కలుపుకోవడం మేలు. ఇస్పేటు, ఆటీను, డైమను, కళావరు అన్న రంగులతో ఇక్కడ పని లేదు. అంకెలతో, బొమ్మలతోనే పని.

మొదటి ఆటగాడు ఒకటి మొదలు నాలుగు ముక్కల వరకు బోర్లించి మధ్యలో పెట్టి, "రెండు రాజులు" అని ప్రకటిస్తాడు. అవి నిజంగా రాజులే కావచ్చు, ఒక రాజూ ఒక ఏడూ కావచ్చు, అసలు రాజన్నదే లేకపోవచ్చు. తరువాతి వారు కూడా రాజులనే పేర్కొంటూ ముక్కలు బోర్లించాలి, లేదా పాస్ అనాలి. తరువాతి వ్యక్తి ముక్క వేయకముందే ఎవరైనా సరే "బ్లఫ్" అని అడ్డు తగలవచ్చు. అప్పుడు చివరగా వేసిన ముక్కలను మాత్రమే తిప్పి చూస్తారు. చెప్పిన మాట అబద్ధమని తేలితే చెప్పినవాడు మధ్యనున్న కుప్ప అంతా ఎత్తుకోవాలి. నిజమని తేలితే అనుమానించినవాడు ఎత్తుకోవాలి. గెలిచిన పక్షం వారు కొత్త అంకెతో ఆట సాగిస్తారు. అందరూ పాస్ అంటే కుప్పను పక్కకు నెట్టి, చివర ముక్క వేసినవారు మళ్ళీ మొదలుపెడతారు. చేతిలోని ముక్కలన్నీ ముందుగా వదిలించుకొన్నవారు, చివరి ముక్క మీద వచ్చిన అనుమానాన్ని కూడా తట్టుకొని నిలిస్తే, విజేతలు.

ఇంతే ఆట. నియమాలు ఇంత తక్కువగా ఉన్నా లోపలి లెక్క మాత్రం చిన్నది కాదు.

కొందరు ఈ ఆటను వరుస క్రమంలో ఆడతారు. మొదటివారు ఆసు, రెండవవారు రెండు, మూడవవారు మూడు, అట్లా రాజు దాకా పోయి మళ్ళీ ఆసు దగ్గరకు రావాలి. పాస్ అనే వెసులుబాటు లేదు. ఈ పద్ధతిలో అబద్ధం ఒక అవసరంగా మారుతుంది. ముక్కలు యాదృచ్ఛికంగా వచ్చినవే అనుకుంటే, 13 ముక్కలున్న చేతిలో అడిగిన అంకె ఒక్కటైనా లేకపోయే అవకాశం సుమారు 30 శాతం. ఆరుగురు ఆడినప్పుడు 9 ముక్కల చేతిలో అది 46 శాతం. చేతిలో మూడే ముక్కలు మిగిలినప్పుడు 78 శాతం. ఒకే ముక్క మిగిలితే 92 శాతం. కాబట్టి వరుస పద్ధతిలో ఎవరైనా గంభీరమైన ముఖంతో చివరి ముక్కను బోర్లించి గెలిచానని లేచి నిలబడబోతే, ఆ ముక్కను తిప్పి చూడకుండా వదలడం అవివేకం.

ముందుచూపు గలవారు ఈ అంచనాను కొంత మార్చగలరు. నలుగురు ఆడే వరుస ఆటలో మొదటి వ్యక్తికి వచ్చే అంకెలు ముందే తెలిసిపోతాయి: ఆసు, ఐదు, తొమ్మిది, రాజు, ఆ తరువాత నాలుగు, ఎనిమిది, రాణి, మూడు, ఏడు, జాకీ, రెండు, ఆరు, పది. నాలుగుకూ పదమూడుకూ సామాన్య భాజకం లేనందున పదమూడు విడతలలో అన్ని అంకెలూ ఒక్కొక్కసారి వచ్చి తీరుతాయి. పిల్లలకు ఈ మాట బడిలో చెబితే ఆవులిస్తారు. పేకముక్కలతో చెబితే వారే కాగితం, పెన్సిలు తెచ్చుకుంటారు.

ఇక అనుమానించేవాని లెక్క. నలుగురు ఆడుతున్నారు, ఆట అప్పుడే ఆరంభమైనది, ఎదుటివారు "రెండు రాజులు" అన్నారు. నా చేతిలో మూడు రాజులుంటే ఆలోచించవలసిన పని లేదు, అది అబద్ధం. నా వద్ద రెండుంటే, మిగిలిన రెండూ ఆయన ఒక్కరి చేతిలోనే ఉండే అవకాశం సుమారు 10 శాతం. నా వద్ద ఒకటుంటే ఆయన చేతిలో కనీసం రెండు ఉండే అవకాశం 25 శాతం. నా వద్ద ఒక్కటీ లేకపోతే 41 శాతం. చూశారా, ఎదుటివారి ముఖం వైపు చూడడానికి ముందు మన చేతిని మనం చూసుకోవాలి. అనుమానానికి మొదటి ఆధారం అవతలివాని కనురెప్పలలో కాదు, మన వద్దనున్న సమాచారంలో ఉన్నది.

ఈ అంకెలు వరుస పద్ధతికే చక్కగా అతుకుతాయి. అంకెను ఎంచుకునే స్వేచ్ఛ ఉన్నప్పుడు మనిషి తన వద్ద ఎక్కువగా ఉన్నదాన్నే ఎంచుకుంటాడు గనుక, మొదలుపెట్టినవాని మాట నిజమయ్యే అవకాశం ఇంతకన్నా ఎక్కువ. అతని వెంట అదే అంకెను పలికేవారి మాటలే ఎక్కువ అనుమానాస్పదం. అనుభవం గల ఆటగాళ్ళు మొదటివానిని వదలి మూడవవానిని పట్టుకోవడంలోని రహస్యం ఇదే.

బుకాయింపును గణితశాస్త్రం తీవ్రంగానే పట్టించుకొన్నది. ఫ్రెంచి గణితవేత్త ఎమిల్ బొరెల్ 1920 దశకంలో ఇటువంటి ఆటలను గూర్చి రాశాడు. జాన్ వాన్ నాయ్‌మన్ 1928లో తన మౌలిక సిద్ధాంతాన్ని నిరూపించి, 1944లో ఆస్కర్ మోర్గెన్‌స్టెర్న్‌తో కలసి ప్రచురించిన ఉద్గ్రంథంలో పోకరు ఆటలోని బుకాయింపును విశ్లేషించాడు. 1950లో హెరాల్డ్ కూన్ ఆ పోకరును పూర్తిగా చిలికి, మూడే ముక్కలు, ఇద్దరే ఆటగాళ్ళు ఉన్న బొమ్మ ఆటగా మార్చి చూపాడు. ఒక్కొక్కరికి ఒక ముక్క ఇస్తారు, మూడవది ఎవరికీ కనబడదు. మొదటివాడు పందెం వేయకుండా ఊరుకొన్నప్పుడు, రెండవవాని చేతిలో అతి చిన్న ముక్క ఉంటే, మూడింట ఒకసారి అతను బుకాయించి పందెం వేయాలి. మొదటివాడే పందెం వేసినప్పుడు, రెండవవాని చేతిలో మధ్య ముక్క ఉంటే, మూడింట ఒకసారి అతను నమ్మక ఎదుర్కోవాలి. అది ఏ మూడవసారి అన్నది ఎవరికీ, చివరకు తనకు కూడా, ముందుగా తెలియకూడదు.

ఈ ఫలితంలోని సౌందర్యాన్ని గమనించండి. ఎన్నడూ బుకాయించనివాడు ఓడిపోతాడు, ఎందుకంటే అతను పందెం వేసిన ప్రతిసారీ ఎదుటివారు తప్పుకుంటారు. ఎప్పుడూ బుకాయించేవాడూ ఓడిపోతాడు. అదే విధంగా ఎన్నడూ అనుమానించనివాడు, ఎప్పుడూ అనుమానించేవాడు ఇద్దరూ ఓడిపోతారు. అబద్ధానికి ఒక పాలు ఉన్నట్లే అనుమానానికీ ఒక పాలు ఉన్నది.

మన పురాణాలు ఈ విషయాన్ని గణితం కన్నా ముందే పసిగట్టాయి. కురుక్షేత్రంలో ద్రోణుని చేత అస్త్రసన్యాసం చేయించిన మాట ఎవరిది? భీముడు చెప్పినా ఆచార్యుడు నమ్మలేదు. ధర్మరాజు చెబితే నమ్మాడు. జీవితమంతా సత్యం పలికి కూడబెట్టుకొన్న నమ్మకం అంతా ఆ ఒక్క మాటలో ఖర్చయింది. అందుకే అంతవరకు నేలకు నాలుగంగుళాలు ఎత్తున నడచిన ఆయన రథం ఆ క్షణంలో నేలను తాకిందని కథ. బ్లఫ్ ఆటలో కూడా అతి పెద్ద కుప్ప మీద గెలిచేవారు సాధారణంగా అంతవరకు నిజమే ఆడుతూ వచ్చిన బామ్మగారో, మాట్లాడని కోడలుగారో అయి ఉంటారు. అయితే ఆటలో మరుసటి పంపకంతో రథం మళ్ళీ లేస్తుంది. బయట అంత సులభంగా లేవదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఇద్దరే ఆడుతున్నప్పుడు ఎదుటివాని మాట అబద్ధమయ్యే అవకాశం సగానికి మించితే అనుమానించడం లాభం. నా నష్టం అతని లాభం, అతని నష్టం నా లాభం. నలుగురు ఆడుతున్నప్పుడు తూకం మారుతుంది. నేను అనుమానించి తప్పితే కుప్ప మొత్తం నా ఒక్కడి నెత్తిన పడుతుంది. సరిపోతే అబద్ధికుని చేయి బరువెక్కుతుంది. ఆ లాభం మాత్రం నాతో పాటు నోరు విప్పని మరి ఇద్దరికీ సమానంగా దక్కుతుంది. కష్టం ఒకరిది, ఫలం ముగ్గురిది. కాబట్టి ప్రతి ఒక్కరూ "పక్కవాడు అడుగుతాడులే" అని ఎదురుచూస్తారు. ఆ ఎదురుచూపులోనే తరువాతి ముక్క పడిపోతుంది, అబద్ధం గట్టెక్కిపోతుంది.

ఈ స్థితిని జర్మను సామాజికశాస్త్రవేత్త ఆండ్రియాస్ డీక్మన్ 1985లో సూత్రీకరించాడు. ఎవరో ఒకరు పూనుకొంటే అందరికీ మేలు, కాని పూనుకొన్నవానికే ఖర్చు. ఆయన లెక్క ప్రకారం, మనుషుల సంఖ్య పెరిగినకొద్దీ ఒక్కొక్కరూ పూనుకొనే అవకాశం తగ్గుతుంది. అంతే కాదు, మొత్తం మీద ఎవరో ఒకరైనా పూనుకొనే అవకాశం కూడా తగ్గుతుంది. పదిమంది ఉన్నారు గదా, ఎవరో ఒకరు చూసుకుంటారు అన్న మన ధీమాకు ఇది పూర్తిగా వ్యతిరేకం.

యంత్రాల మధ్య పనిచేసే మనకు ఇది కేవలం పేకాట ముచ్చట కాదు. 1989 జనవరి 8న లండన్ నుండి బెల్‌ఫాస్టుకు బయలుదేరిన ఒక బోయింగ్ 737 విమానంలో ఎడమ ఇంజను ఫాను బ్లేడు ఒకటి విరిగింది. పైలట్లు పొరపాటున, చక్కగా ఉన్న కుడి ఇంజనును ఆపివేశారు. కుడి ఇంజనులో ఇబ్బంది వచ్చిందని, దానిని ఆపివేశామని కెప్టెన్ ప్రయాణికులకు ప్రకటించాడు. ఎడమవైపు నుండి నిప్పురవ్వలు రావడం కళ్ళారా చూసిన ప్రయాణికులు ఉన్నారు, సిబ్బందీ ఉన్నారు. "అయ్యా, మీరు కుడి అంటున్నారు, మంట ఎడమన ఉన్నది" అని పైలట్లకు చేరవేసినవారు లేరు. విమానం దిగవలసిన రన్‌వేకు కొద్ది దూరంలో, కెగ్‌వర్త్ గ్రామం వద్ద రహదారి గట్టును ఢీకొన్నది. అందులో ఉన్న 126 మందిలో 47 మంది మరణించారు.

ఇక్కడ ఎవరూ అబద్ధమాడలేదు. కెప్టెన్ తాను నమ్మినదే చెప్పాడు. కాని వినేవారి వైపు నుండి చూస్తే పరిస్థితి మన ఆటలో వంటిదే: ఒక ప్రకటన వెలువడింది, దానికి విరుద్ధమైన సమాచారం కొందరి చేతిలో ఉన్నది, ప్రశ్నించవలసిన క్షణం దాటిపోయింది. అధికారి చెప్పాడు గదా, ఆయనకు తెలియదా అన్న గౌరవం ఒకవైపు, ఇంతమందిలో ఎవరో చెబుతారులే అన్న భరోసా మరొకవైపు. రెండూ కలసి నోళ్ళు కట్టివేశాయి. విమానయాన రంగంలో సిబ్బంది పరస్పరం ప్రశ్నించుకోవడాన్ని శిక్షణలో భాగం చేయాలన్న పట్టుదల ఇటువంటి ప్రమాదాల నుండే బలపడింది. అక్కడ ఒకరు అంశం చదివి, మరొకరు చూసి బదులు చెప్పే జాబితా పద్ధతి ఉన్నది. అందులో మొదటి పలుకును ఆంగ్లంలో ఛాలెంజ్ అనే అంటారు. మన పేకాట రెండవ పేరు కూడా అదే కావడం యాదృచ్ఛికమే అయినా నాకు ముచ్చటగా తోస్తుంది.

మన ప్లాంటులో వాల్వు మూశాను, ఫ్యూజు తీశాను, ట్యాగు కట్టాను అని ఒకరు చెబితే, పర్మిటు మీద సంతకం చేసే ముందు మరొకరు వెళ్ళి చూడాలన్నది నియమం. కాని చూడబోయినవానిని "నా మాట మీద నమ్మకం లేదా" అని నిష్ఠూరమాడడం లోకరీతి. నమ్మకమున్నా చూడాలి; చూడడం అవమానం కాదు. రాత్రి షిఫ్టులో రాసిన లాగ్‌షీటులో ఎనిమిది గంటల పాటు ఒకే రీడింగు పడి ఉంటే, మీటరు అంత నిశ్చలంగా ఉన్నదా, లేక కలమే నిశ్చలంగా ఉన్నదా అని అడగవలసిన బాధ్యత చూసిన ప్రతివారిదీ. అడిగి తప్పయితే ఒక్క నిమిషం చిన్నబోతాం. అడగకపోతే ఆ కుప్ప ఎవరి నెత్తిన పడుతుందో చెప్పలేం.

బ్లఫ్ ఆట గొప్పతనం ఇక్కడే ఉన్నది. ఆ బల్ల దగ్గర అనుమానించినవాని మీద ఎవరూ అలగరు. పదేళ్ళ పిల్ల తాతగారి ముక్కలను తిప్పి చూపించమంటుంది, ఆయన నవ్వుతూ చూపిస్తారు. పోకరు, మూడు ముక్కలాట వంటి వాటిలో అనుమానానికి డబ్బు చెల్లించాలి గనుక ఆ ప్రశ్నలో వైరం కలుస్తుంది. ఇక్కడ చెల్లింపు కేవలం ముక్కలే. అబద్ధం చెప్పడానికి ఒక స్థలం, ఒక సమయం, ఒక శిక్ష నిర్ణయించి, ఆ గీత లోపల మాత్రమే దానిని వదలిపెట్టిన ఆట ఇది. పోతన భాగవతంలో శుక్రాచార్యుడు బలి చక్రవర్తికి అబద్ధమాడదగిన సందర్భాలను ఏకరువు పెడతాడు. అందులో పేకాట లేదు గాని, ఈ ఆటకు మాత్రం మినహాయింపు ఇవ్వవచ్చునని నా మనవి.

పేక అనగానే ముఖం చిట్లించే పెద్దలకు ఒక మాట. పేకాటలన్నీ ఒక గాటన కట్టదగినవి కావు. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి, సికిందరాబాదులోని ఒక క్లబ్బు వారికి మధ్య నడచిన వ్యాజ్యంలో 1967లో సుప్రీం కోర్టు, రమ్మీ మూడు ముక్కలాట వలె కేవలం అదృష్టం మీద నడిచేది కాదని, పడిన ముక్కలను జ్ఞాపకం పెట్టుకొనే నైపుణ్యం దానిలో ప్రధానమని అభిప్రాయపడింది. బ్లఫ్‌కు కూడా జ్ఞాపకం కావాలి, లెక్క కావాలి. అయినా ఇంట్లో ఆడే ఏ ఆటలోనూ డబ్బు పెట్టకూడదన్నది నా స్థిరమైన అభిప్రాయం. పైసా పెట్టిన మరుక్షణం ఈ ఆటలోని నవ్వు ఆవిరైపోతుంది.

ఇంట్లో ఆడేవారికి నాలుగు సూచనలు. చిన్నపిల్లలను పెద్దల పక్కన జోడీగా కూర్చోబెట్టండి. అనుమానం చెప్పడానికి మూడు లెక్కించేంత వ్యవధి ఇవ్వండి, లేకపోతే చేతివాటం గలవారిదే రాజ్యమవుతుంది. చెప్పిన సంఖ్య కన్నా ఎక్కువ ముక్కలు జారవిడవడం బుకాయింపు కాదు, దొంగతనం. దానికి శిక్ష వేరుగా వేయండి. ఎవరూ అనుమానించకుండా మూడు చుట్లు గడిచిపోతే ఆట ఆపి, మూడు కుప్పలనూ తిప్పి చూడండి. మన మౌనం ఎన్ని అబద్ధాలను మోసిందో అందరికీ ఒక్కసారిగా తెలుస్తుంది. ఆ ముచ్చట చూసిన పిల్లలు తరువాతి ఆటలో నోరు మూసుకొని కూర్చోరు.

ఈ మాసపు చిక్కుప్రశ్న: ఒకే పేకకట్టతో సరిగ్గా 13 మంది వరుస పద్ధతిలో ఆడారనుకోండి. తలా నాలుగు ముక్కలు వస్తాయి. ఆసు మొదలు రాజు వరకు వరుసగా చెప్పుకుంటూ పోవాలి, పాస్ అనడానికి వీలు లేదు. ఈ ఆటలో ప్రతి ఆటగానికి ఒక విచిత్రమైన ఇబ్బంది ఎదురవుతుంది. అది ఏమిటి? 12 మందో 14 మందో ఆడితే ఆ ఇబ్బంది ఎందుకు ఉండదు? సమాధానం వచ్చే సంచికలో. అంతవరకు ఎవరైనా జవాబు తమకు తెలుసునని ధీమాగా ప్రకటిస్తే, వెంటనే నమ్మకండి. తిప్పి చూపించమనండి.